నాలుగింటి విజిల్

నర్సమ్మకి ఇద్దరు మొగుళ్ళని వీధిలో ఒక వేళాకోళం ఉండేది. పొద్దున్న బస్సులో విజిల్ వేసేవాడొకడు, సాయంత్రం వీధిలో విజిల్ వేసేవాడొకడు. ఇద్దరూ ఒక్కడేనని అందరికీ తెలుసు. అయినా అనేవారు. అనకపోతే తోచదు కదా జనానికి! నర్సమ్మ కూడా తక్కువేం తినలేదు. "ఇద్దరున్నా ఏం లాభమమ్మా, ఇల్లు తుడవడానికి ఒక్కడూ చిక్కడు" అనేది.

ఆమె వీధి చివర ఆసుపత్రిలో నర్సు. ఆయన బస్సు కండక్టరు. ఇప్పుడు ఊరి బయట పచ్చగడ్డి మైదానాలు, స్తంభాల మీద దీపాలు, పసుపు రంగు వ్యాన్లు, వయసు వయసుకీ ఒక జట్టు, జట్టుకో కోచ్, అమ్మాయిలకి విడిగా రెండు జట్లు... ఇంత పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది చూశారూ, అది ఆ విజిల్‌లోంచి పుట్టింది. నమ్మనివాళ్ళు పిల్లల చొక్కాల మీద గుండె దగ్గర కుట్టిన బొమ్మ చూసుకోవచ్చు. అన్ని క్లబ్బులకీ పులులూ గద్దలూ ఉంటే, ఈ క్లబ్బుకి కండక్టరు విజిల్ ఉంటుంది.

మొదలెలా అయిందంటే, డిపోలో ఆగి ఉన్న బస్సుల మధ్య పిల్లలు చిరిగిన బంతి ఒకటి తన్నుకుంటూ ఉండేవారు. సూపర్‌వైజరు కర్ర పట్టుకుని తరిమేవాడు, వాళ్ళు ఇటు పోయి అటు వచ్చేవారు. ఒకరోజు బంతి బస్సు కిందకి దొర్లింది. దాని వెనకే ఓ కుర్రాడు పాక్కుంటూ దూరాడు. డ్రైవరు బండి కదిలించబోతున్నాడు. కండక్టరు వెనక మెట్టు మీంచి కుర్రాడి కాళ్ళు చూశాడు. ఊపిరి ఉన్నంత సేపు ఒకటే విజిల్ వేశాడు. బస్సు ఆగింది. ముఖం నిండా గ్రీజు పూసుకుని, బంతి చంకలో పెట్టుకుని, ఆ కుర్రాడు పళ్ళికిలిస్తూ బయటికొచ్చాడు. కొట్టడానికి చెయ్యెత్తిన కండక్టరు కొట్టలేక అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

"తన్నుకోవడానికి వేరే చోటే దొరకలేదట్రా మీకు?" అన్నాడు.

"ఎక్కడుంది?" అన్నాడు కుర్రాడు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. వాడడిగాడు, ఈయన పెట్టాడు. డిపో వెనక ముళ్ళకంపలతో ఉన్న ఖాళీ జాగాని మర్నాటినించీ డ్యూటీ దిగాక పిల్లల్ని వెంటేసుకుని బాగు చేశాడు. గ్రీజు కుర్రాడికి "బంక" అని పేరు పెట్టింది కూడా ఈయనే. ఒకసారి పట్టుకుంటే బంతినీ వదలడు, మనిషినీ వదలడని.

జాగా దొరికింది సరే, జట్టుకి సరిపడా పిల్లలు దొరకొద్దూ? తల్లులు పంపిస్తేగా! "ఆయన కండక్టరమ్మా, తర్వాతి స్టాపులో దిగిపోతాడు. మా వాడికేమన్నా అయితే ఎవరు జవాబుదారీ?" అన్నారు. అప్పుడు కాళ్ళకు బలపాలు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది నర్సమ్మ. "సూదులు పొడుస్తానని తెలిసి కూడా నా దగ్గరికి పంపారు కదా, బంతి తన్నడానికి పంపడానికేం నొప్పి? మీ గుమ్మంలోంచి తీసుకెళ్ళి మీ గుమ్మంలో దింపే పూచీ మాది" అని ఒప్పించింది. సూది వేసిన చేతిని కాదనలేక ఒప్పుకున్నారు.

ఆ పూచీలోంచే కాలినడక బస్సు పుట్టింది. సరిగ్గా నాలుగింటికి కండక్టరు కాన్వాసు బూట్లు వేసుకుని బయల్దేరేవాడు. ఒక్కో గేటు దగ్గరా రెండు విజిళ్ళు. లోపల్నించి పిల్లాడు వచ్చి చేతులు చాచాలి. గోళ్ళు కత్తిరించి ఉంటే అదే టిక్కెట్టు. అది నర్సమ్మ పెట్టిన రూలు. టిక్కెట్టున్నవాడు వరసలో చేరాలి, లేనివాడు వెనక్కెళ్ళి కత్తిరించుకు రావాలి. రోడ్డు దాటేచోట ఒక్క విజిల్ వేసి "హోల్డాన్" అంటే అందరూ కర్రల్లా నిలబడాలి. రెండు విజిళ్ళు వేసి "రైట్ రైట్" అంటే కదలాలి. చీకటి పడకముందే మళ్ళీ ఒక్కో గేటు దగ్గరా ఒక్కొక్కణ్ణీ దింపేవాడు. పిల్లాడు లోపలికెళ్ళి తలుపు వేసిన చప్పుడు వినేదాకా కదిలేవాడు కాదు. పొరపాటున తల్లి తలుపు వెయ్యడం మరిచిపోతే, వీధిలో నిలబడి "తలుపమ్మా, తలుపు" అని గుర్తుచేసేవాడు.

ఈ విజిల్ భాష పిల్లల ఒంట్లోకి ఎంత ఇంకిందంటే, మొట్టమొదటి టోర్నమెంటులో పరువు తీసింది. రిఫరీ సగం ఆట అయిందని రెండు విజిళ్ళు ఊదాడు. అవతలి జట్టు నీళ్ళు తాగడానికి పోయింది. మనవాళ్ళకి రెండంటే రైట్ రైట్ కదా! బంతి తీసుకుని పరుగో పరుగు. బంక గోలు కొట్టేసి ఎగురుతున్నాడు, మిగతావాళ్ళు వాడి మీద పడి ఎగురుతున్నారు. అవతలి గోలీ కమలాపండు ఒలుచుకుంటున్నాడు. మైదానమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ ఆటలో చిత్తుగా ఓడిపోయారు. అయినా ఇంటికొస్తూ దారంతా గోలు కొట్టామనే చెప్పుకున్నారు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, కండక్టరు కూడా అవునవునన్నాడు.

తరవాతి సంగతులు చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. ఓడారు, గెలిచారు, కప్పులొచ్చాయి. కండక్టరు కూతురు గోలీగా నిలబడితే, ఆడపిల్లేమిటని గొణిగినవాళ్ళు రెండేళ్ళకి తమ పిల్లల్నే తీసుకొచ్చారు. ఇప్పుడా కూతురు వేరే ఊళ్ళో బడిపిల్లలకి ఆటలు నేర్పుతోంది. డిపో వెనక జాగా చేతులు మారి గోడౌనైంది. బంక చదువుకుని ఇంజినీరై, ఊరి బయట నీళ్ళ ట్యాంకు పక్కన క్లబ్బుకి భూమి ఇప్పించేదాకా ఎవరినీ నిద్రపోనివ్వలేదు. వాడే ఇప్పుడు క్లబ్బు అధ్యక్షుడు. ఊరి బయటికి నడిచి వెళ్ళలేరు గనక వ్యాన్లొచ్చాయి. వ్యాన్లొచ్చాక కాలినడక బస్సు ఆగిపోయింది. దాని గురించి మీటింగు పెట్టలేదు, ఎవరూ వద్దనలేదు. ఆగిపోయిందంతే. కండక్టరుకి మైదానం పక్కన నీడలో ఒక కుర్చీ వేసి, సభల్లో ముందువరసలో కూర్చోబెట్టి, శాలువా కప్పేవారు. ఆయన ఆ కుర్చీలో తర్వాతి స్టాపు కోసం చూస్తున్న ప్రయాణికుడిలా కూర్చునేవాడు.

మతిమరుపు ఎప్పుడు మొదలైందో నర్సమ్మకి సరిగ్గా తెలియదు. నర్సయి ఉండి కనిపెట్టలేకపోయానని తరవాత ఏడ్చింది. పాలు రెండుసార్లు తేవడం, చొక్కా తిరగేసి తొడుక్కోవడం ముసలితనమనుకుంది. ఒకరోజు పొద్దున్నే కాఫీ ఇస్తుంటే ఆయన మర్యాదగా "మీరు ఎక్కడ దిగాలండీ?" అని అడిగాడు. గ్లాసు పక్కన పెట్టి ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అయితే దేవుడు ఒక కిటికీ తెరిచి ఉంచాడు. నాలుగయిందంటే ఆయన మామూలు మనిషైపోయేవాడు. బూట్ల లేసు తనే కట్టుకునేవాడు. "ఏమే నర్సమ్మా, నీళ్ళ సీసాలు నింపావా?" అనేవాడు. పొద్దుటినించీ పరాయిదాన్ని చూసినట్టు చూసిన మనిషి, ఆ పిలుపు పిలిచేసరికి ఆమెకి ప్రాణం లేచి వచ్చేది. విజిల్ మెళ్ళో వేసుకుని, మునపటిలా వీధిలోకి వెళ్ళేవాడు. వ్యాన్లెక్కే వయసు ఇంకా రాని చిన్నపిల్లలు ఆ విజిల్‌కి గంతులేస్తూ వచ్చేవారు. వీధి మొదటినించి చివరిదాకా వాళ్ళని నడిపించి, మళ్ళీ గేటు గేటునా దింపేవాడు. వెనకాలే కాస్త దూరంలో నర్సమ్మ నడిచేది. దింపడం అయ్యాక ఇద్దరూ అరుగు మీద కూర్చునేవారు. దీపాలు పెట్టేవేళ దాకా ఆయన ఆమెకి తెలిసిన మనిషిగానే ఉండేవాడు. రోజు మొత్తమ్మీద ఆమెకి మొగుడు దక్కేది ఆ కాసేపే. డాక్టరు కూడా "ఆ అలవాటు మాత్రం పోనివ్వకండి, అదొక్కటే ఆయన్ని పట్టుకుని ఉంది" అన్నాడు.

ఇలా కొన్ని నెలలు బాగానే గడిచాయి.

ఒకరోజు పక్కింటి ముసలమ్మ కాలిపుండుకి కట్టు కడుతూ కూర్చుని, నర్సమ్మ నాలుగవడం గమనించలేదు. విజిల్ వినబడింది, వస్తున్నా వస్తున్నా అంది, కట్టు ముడి వేసి బయటికొచ్చేసరికి వీధి ఖాళీగా ఉంది.

ఆయన ఆరోజు వీధి చివర ఆగలేదు. పాత దారి కాళ్ళకి గుర్తొచ్చింది కాబోలు, పిల్లల్ని వెంటబెట్టుకుని నేరుగా డిపో వెనక్కి వెళ్ళాడు. పెద్దరోడ్డు దగ్గర "హోల్డాన్" అని నిలబెట్టి, చక్కగా, ఒక్క పిల్లకీ దుమ్ము కూడా అంటకుండా దాటించాడట. చూసినవాళ్ళు చెప్పారు. గోడౌను గేటు తీసి ఉంది. లోపల లారీలు. జాగా కోసం వెతుక్కుంటూ ఆయన కాసేపు నిలబడ్డాడు. ఆ తరవాత ఆట మొదలెట్టడానికి రెండు విజిళ్ళు వేశాడు. "రైట్ రైట్!"

రెండంటే పరుగు. పిల్లలు పరిగెత్తారు. లారీ ఒకటి వెనక్కొస్తోంది. డ్రైవరు బ్రేకు వేశాడు గానీ, దర్జీ మనవరాలు బెదిరి పక్కకి దూకి, ఇనప చువ్వల మీద పడింది. మోచెయ్యి విరిగింది.

ఆ సాయంత్రం బంక వచ్చాడు. జుట్టు నెరిసి, కళ్ళజోడు పెట్టుకుని, పెద్ద క్లబ్బుకి అధ్యక్షుడై కూడా, ఈ ఇంటికొస్తే గుమ్మం దగ్గర బూట్లు విప్పి, చేతులు చాచి గోళ్ళు చూపించి నవ్వించేవాడు. ఆరోజు అదేం చెయ్యలేదు. వంటింటి గడపలో కూర్చున్నాడు.

"అక్కా, ఇంకో జానెడైతే పిల్ల లారీ కింద ఉండేది" అన్నాడు.

"తెలుసురా."

"పిల్లల తల్లిదండ్రులు పోలీసుల దాకా వెళ్తామన్నారు. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. మాస్టారి మీద గౌరవంతో ఆగారు. మళ్ళీ జరిగితే ఆగరు. ఆగకూడదు కూడా. అక్కా... విజిల్ తీసేసుకో."

"నువ్వు తీసుకోరా" అంది నర్సమ్మ కోపంగా. "అదిగో, మెళ్ళోనే ఉంది. ఆ విజిల్ వెయ్యకపోతే నువ్వివాళ ఉండేవాడివే కాదు. వెళ్ళి నీ చేత్తో తియ్యి, చూద్దాం."

బంక లేవలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమెకే జాలేసింది.

"వాడిమీద అరిస్తే ఏమొస్తుంది" అనుకుని, మర్నాడు తనే విజిల్ బియ్యం డబ్బాలో దాచింది. నాలుగింటికి ఆయన ఇల్లు పీకి పందిరేశాడు. పరుపు లాగేశాడు, అలమరలు బోర్లించాడు. "పిల్లలు ఎదురుచూస్తుంటారే, పిల్లలు ఎదురుచూస్తుంటారే" అంటూ ఏడ్చాడు. ఆఖరికి రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వెయ్యబోతే పళ్ళు లేని నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది. ఆ శబ్దం వినలేక డబ్బా మూత తీసింది. తలుపుకి గొళ్ళెం పెట్టి చూసింది ఇంకోరోజు. చేతులు వాచేలా తలుపు బాదాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అప్పుడామెకి తోచింది. విజిల్ ఆయన దగ్గరే ఉండనీ, నాలుగింటికి వెళ్ళనీ. పిల్లలు రాకుండా ఉంటే సరి.

మళ్ళీ ఇల్లిల్లూ తిరిగింది నర్సమ్మ. ఒకప్పుడు పంపమని బతిమాలిన గుమ్మాల్లోనే నిలబడి పంపవద్దని బతిమాలింది. కొందరిళ్ళల్లో అప్పటి పిల్లలే ఇప్పటి తండ్రులు. "అయ్యో, మీరు రావాలా నర్సమ్మా, కబురు పెడితే చాలదూ" అన్నారు. ఒక తల్లి మాత్రం "మేమెప్పుడో మానిపించాం లెండి" అంది ముఖం తిప్పుకుని. అందులో తప్పేముంది? బిడ్డలున్న తల్లి అలాగే అంటుంది.

దర్జీ ఇంట్లో పాపకి మోచేతి పైనించి అరచేతిదాకా తెల్లటి సిమెంటు కట్టు. దానిమీద ఎవరో బంతి బొమ్మ వేశారు.

"తాత రేపొస్తాడా మామ్మా?" అంది పాప.

"వస్తాడమ్మా. వచ్చి విజిల్ వేస్తాడు. నువ్వు మాత్రం బయటికి రాకూడదు."

"ఎందుకూ? నా గోళ్ళు చూడు, అమ్మ కత్తిరించింది."

కట్టులోంచి బయటికున్న చిట్టివేళ్ళు చాచి చూపించింది. నర్సమ్మ ఆ వేళ్ళని తన కళ్ళకి అద్దుకుని లేచి వచ్చేసింది.

మర్నాడు నాలుగింటికి ఆయన బయల్దేరాడు. వెనకాలే ఆమె. మొదటి గేటు దగ్గర రెండు విజిళ్ళు. లోపల్నించి అలికిడి లేదు. కాసేపు నిలబడి, విజిల్ విదిల్చి, చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ వేశాడు. కిటికీ తెర కాస్త కదిలి ఆగింది. "ఊళ్ళో లేరు కాబోలు" అని తనలో తనే అనుకుని రెండో గేటుకి వెళ్ళాడు. అక్కడా అంతే. మూడో గేటు. దర్జీ ఇంటి దగ్గర మాత్రం లోపల్నించి "తాతా!" అని ఒక పిలుపు సగం వినబడింది. మిగతా సగాన్ని ఎవరో చేత్తో మూసేశారు. ఆయన ముఖం విప్పారింది. చాలాసేపు ఆ గేటు దగ్గరే నిలబడ్డాడు. వీధి చివరికొచ్చాక అలవాటుగా వెనక్కి తిరిగి "అందరూ ఉన్నారా?" అన్నాడు. వెనకాల నర్సమ్మ ఒక్కతే ఉంది.

ఇలా ఎన్నో సాయంత్రాలు జరిగాయి. వీధి వీధంతా నోరు కట్టేసుకుని, తెరల వెనక నిలబడి, ఆయన వెళ్ళేదాకా ఊపిరి బిగబట్టేది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఎంత మంచివాళ్ళంటే, ఒక్క పిల్లని కూడా బయటికి రానివ్వలేదు.

ఒక సాయంత్రం ఆయన సగం వీధినించే వెనక్కి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"ఏమే నర్సమ్మా, నేనేమన్నా అన్నానా పిల్లల్ని?"

"ఏమీ అనలేదండీ."

"కొట్టానా?"

"మీరా? మీరెప్పుడు కొట్టారు ఎవర్నైనా!"

"మరెందుకు రావట్లేదే? నేనేదో చేసుంటాను. నాకు గుర్తుండట్లేదు. ఏదో చేసే ఉంటాను." ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "నువ్వెళ్ళి అడగవే. నువ్వడిగితే కాదనరు. మొదట్లో నువ్వడిగితేనే కదా పంపారు. ఇంకెప్పుడూ ఏమీ అననని చెప్పు. ఒక్కసారి పంపమని అడుగు. నీకు పుణ్యముంటుంది, వెళ్ళు."

నర్సమ్మ వెళ్ళింది. ఇంకేం చేస్తుంది? వీధి మలుపు తిరిగి, ఆయనకి కనబడని చోట, ఎవరిదో గోడకి ఆనుకుని నిలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఒక్క తలుపూ తట్టలేదు. ముఖం తుడుచుకుని తిరిగి వచ్చేటప్పుడు ఏం చెప్పాలో ఇంకా తోచలేదు. ఆయన అరుగు మీంచి లేచి నిలబడి, చంటిపిల్లాడిలా ఎదురుచూస్తున్నాడు. ఆ ముఖం చూసేసరికి నోటికొచ్చిన మాట అనేసింది.

"పరీక్షలటండీ. పిల్లలకి పరీక్షలు. అందుకని రావట్లేదు."

"పరీక్షలా!" ఆయన గట్టిగా నవ్వాడు. గుండెల మీంచి బరువు దిగినట్టు నిట్టూర్చాడు. "ఓసి, ఆ ముక్క ముందే చెప్పొద్దూ! పిచ్చిముండావాణ్ణి... నేనూ పరీక్షలప్పుడు విజిల్ వేస్తున్నాను చూడు! చదువు తరవాతే ఆటలు." విజిల్ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. లోపలికొచ్చి బూట్లు విప్పుకున్నాడు. ఆ రాత్రి అన్నం మారడిగి తిన్నాడు.

ఇంత తేలికైన మాట ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అనుకుంది నర్సమ్మ. ఫోన్లో చెబితే బంక కూడా "బతికించావక్కా" అన్నాడు. పాము చావలేదు, కర్రా విరగలేదు, అందరూ క్షేమం. ఆమె చాలా రోజుల తరవాత కంటినిండా నిద్రపోయింది.

ఆ పరీక్షలు మాత్రం అవ్వలేదు. నాలుగింటికి ఆయన "అయిపోయాయా?" అనేవాడు, "ఇంకా లేదండీ" అనేది ఆమె. కొన్నాళ్ళకి ఆ అడగడం కూడా మానేశాడు. అడగడానికి బదులు కాపలా కాయడం మొదలెట్టాడు. రేడియో పెడితే వచ్చి కట్టేసేవాడు. గిన్నె కింద పడితే "ష్, చదువుకుంటున్నారు" అనేవాడు. వీధివైపు కిటికీలన్నీ మూసి, ఇంట్లో మునివేళ్ళ మీద నడిచేవాడు. బూట్లు తొడుక్కోవడం లేదు గనక, నీళ్ళ సీసాల మాట లేదు. నీళ్ళ సీసాల మాట లేదు గనక, "ఏమే నర్సమ్మా" అన్న పిలుపూ లేదు. ఆ సంగతి ఆమె గమనించేసరికి చాలా రోజులైంది. రోజంతా ఒక పరాయి పెద్దమనిషి ఆమె ఇంట్లో ఎంతో మర్యాదగా, చప్పుడు చెయ్యకుండా మసులుతున్నాడు. నాలుగవుతోంది, అయిదవుతోంది, ఆయన మాత్రం రావడం లేదు.

ఒక సాయంత్రం వంటింట్లో ఉండగా వీధిలో బంతి చప్పుడు వినబడింది. బంతి గోడకి కొట్టుకుంటున్న చప్పుడు, పిల్లల అరుపులు. విజిల్ వినబడడం మానేశాక తల్లులు భయం తగ్గి తలుపులు తీశారు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే బయటికొచ్చారు. దర్జీ మనవరాలికి కట్టు తీసేశారు కాబోలు, అందరికంటే దాని గొంతే పెద్దగా ఉంది. నర్సమ్మకి ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆయన వింటే చాలు, ఒక్కసారి వింటే చాలు, అనుకుంటూ చెయ్యి తుడుచుకోకుండానే ముందుగదిలోకి పరిగెత్తింది. కుర్చీ ఖాళీగా ఉంది. వీధి తలుపు తీసి ఉంది.

ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. బంతి ఆయన చేతుల్లో ఉంది.

"సిగ్గులేదట్రా మీకు?" అని అరుస్తున్నాడు. ఆయన పిల్లల మీద అరవడం ఆమె జన్మలో వినలేదు. "పరీక్షలు నెత్తిమీద పెట్టుకుని వీధిలో గంతులేమిటి? పొండి లోపలికి! ఒక్కడు కనపడ్డాడంటే ఊరుకోను!"

పిల్లలు బొమ్మల్లా నిలబడిపోయారు. దర్జీ మనవరాలు ఇది కూడా ఆటేననుకుని, నవ్వుతూ చేతులు రెండూ చాచి గోళ్ళు చూపించింది. ఆయన ఆ చేతుల్ని చూడనుకూడా లేదు. "పో!" అన్నాడు. పాప నవ్వు ఆగిపోయింది. ఒక్కొక్కళ్ళే వెనక్కి తిరిగి ఎవరి గేట్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. వీధి పొడుగునా ఒక్కో తలుపూ మూసుకున్న చప్పుడు వినేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు.

నర్సమ్మ మెట్లు దిగి వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఏవండీ, పరీక్షలు అయిపోయాయండీ. ఇవాళే అయిపోయాయి. అందుకే వాళ్ళు బయటికొచ్చారు. విజిల్ వెయ్యండి, అందరూ వస్తారు. మీ జేబులోనే ఉంది చూడండి, వెయ్యండి." వీధి ఏమైనా అనుకోనీ, పోలీసులే రానీ, తను వెనకాలే నడుస్తుంది, ఒక్క అడుగు ఎడం లేకుండా నడుస్తుంది. "మీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి వెయ్యండి."

ఆయన ఆమె చేతిని నెమ్మదిగా విడిపించుకున్నాడు. కోపం తగ్గించుకుని, తెలియని ఆడవాళ్ళతో మాట్లాడే మర్యాదతో చెప్పాడు.

"తప్పమ్మా. పెద్దవారు మీరే ఇలా అంటే ఎలా? పిల్లల చదువు పాడవదూ?" బంతి ఆమె చేతుల్లో పెట్టాడు. "ఇది మీ అబ్బాయిదేనా? దాచి ఉంచండి. పరీక్షలయ్యాక నేనే మీ గుమ్మంలోకొచ్చి తీసుకెళ్తాను, మళ్ళీ మీ గుమ్మంలోనే దింపుతాను. నాదీ పూచీ. మా ఆవిడ నర్సు, కావాలంటే ఆవిణ్ణి అడగండి, మీకు తెలిసే ఉంటుంది."

"తెలుసు బాబూ" అంది నర్సమ్మ.

"మంచిది. వెళ్ళండమ్మా, లోపలికి వెళ్ళండి."

ఆమె కదలలేదు. ఆయన ఓపిగ్గా చూస్తూ నిలబడ్డాడు. ఇంక చేసేదేమీ లేక బంతి పట్టుకుని మెట్లెక్కింది. లోపలికి వెళ్ళి వెనక్కి తిరిగితే, ఆయన ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు.

"తలుపమ్మా" అన్నాడు. "తలుపు."

నర్సమ్మ తలుపు వేసింది.